రెక్కకు ఒక్కటే అర్థం

తెలుగు మాటలకు అర్థాలు మరీ ఎక్కువైపోయాయని ప్రభుత్వం కనిపెట్టింది. ఇన్ని వందల ఏళ్లలో ఈ సంగతి ఎవరికీ తట్టకపోవడానికి కారణం ఒకటే, ఇన్ని వందల ఏళ్లలో ఎవరూ మాటల్ని కంప్యూటర్లోకి ఎక్కించలేదు. రాజధాని నుంచి వచ్చిన ప్రోగ్రాములో ‘పదము’ అని ఒక గడి, ‘అర్థము’ అని ఒక గడి ఉన్నాయి. రెండో అర్థం పెడదామంటే మొదటిది చెరిగిపోతోంది. ప్రోగ్రామును మార్చాలంటే టెండర్లు పిలవాలి. భాషను మార్చాలంటే ఒక మెమో చాలు. అందుచేత భాషనే మార్చారు.

ఆ మెమో పేరు ఏకార్థ ఉత్తర్వు. దాన్ని అమలు చేయడానికి పద క్రమబద్ధీకరణ మండలి అని ఒకటి పుట్టింది. దానికి అధ్యక్షులు డాక్టర్ శేషావతారం గారు. ఆయన మామూలు మాట మాట్లాడగా విన్నవాళ్లు లేరు. దాహమేస్తే ‘జలపాన సౌకర్యం కల్పించబడునా’ అని అడిగేవారు. ఎదుటివాడికి అది అర్థమయ్యేలోపు దాహం అదే తీరిపోయేది.

మండలిలో పనంతా చేసేవాడు మాత్రం జామి చిన్నంనాయుడు. పద సేకర్త అని అతని ఉద్యోగం. మండలికి ముందున్న నిఘంటువు ఆఫీసు రోజుల నుంచీ, పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. కొండల నుంచి సముద్రం దాకా ఊరూరా తిరిగి, జనం నోట్లోంచి జారిన మాటల్ని అట్టముక్కల మీద రాసుకొచ్చేవాడు. ఒక్కో అట్ట మీద మాట, దాని అర్థం, ఊరు, చెప్పిన మనిషి పేరు ఉండేవి. చెప్పిన మనిషిని ‘దాత’ అని రాయాలని అతని నియమం. మాటను ఇచ్చినవాడు అన్నం పెట్టినవాడితో సమానమని అతని నమ్మకం. కాంట్రాక్టు జీతగాడికి నమ్మకాలు ఉండకూడదని ఎక్కడా రాసి లేదు కాబట్టి అది అలా సాగిపోయింది.

మొదటి విడతలో ఏకార్థం చేయవలసిన మాటగా ‘రెక్క’ను ఎంపిక చేశారు. నాయుడి పెట్టెలో రెక్కకు ఎనిమిది అట్టలు ఉండటమే అది చేసిన నేరం.

"నాయుడూ, ఈ పదమును నిష్కంటకముగా ఏకార్థీకరించినచో నీ సేవల క్రమబద్ధీకరణ విషయమై మండలి సానుభూతితో పరిశీలించును," అన్నారు శేషావతారం గారు.

అంటే పర్మనెంటు చేస్తామని. పంతొమ్మిదేళ్లలో నాయుడు ఆ వాక్యాన్ని నలుగురు అధికారుల నోట విన్నాడు. అయితే ఈసారి ఫైలు బల్ల మీద కనిపిస్తోంది. అతనికి యాభై దాటాయి. ఆశపడ్డాడు. ఆశపడటం తప్పు కాదు.

*

ఎనిమిది అర్థాల్లో ఏది ఉండాలి, ఏవి పోవాలి అని నిపుణుల సమావేశం పెట్టారు.

నాయుడు అట్టలు ఒక్కొక్కటే చదివాడు. పక్షి రెక్క. చేప రెక్క. తలుపు రెక్క. పూరెక్క. ఫ్యాను రెక్క. గాలిమర రెక్క. మనిషి జబ్బ, అంటే రెక్కాడితేగాని డొక్కాడదు అన్నప్పటి రెక్క. ఎనిమిదోది ఏ నిఘంటువులోనూ లేదు. ఉప్పుగెడ్డ పేటలో తెప్ప మీద కుడివైపు తెడ్డు వేసే మనిషిని, ఎడమవైపు తెడ్డు వేసే మనిషిని రెక్కలంటారు. ‘ఆ తెప్పకి లచ్చయ్య కుడి రెక్క’ అని అక్కడి వాడుక.

జంతుశాస్త్రం లెక్చరరు గారు లేచారు. "చేపకు రెక్కలుండవండి. ఉండేవి వాజములు. వాజము ఈదుటకు, రెక్క ఎగురుటకు. పదో తరగతి పుస్తకంలోనే ఉంది."

"చేపల మార్కెట్లో వాజం అని ఎవరూ అనరండి," అన్నాడు నాయుడు.

"అది మార్కెట్టు చేసుకున్న దురదృష్టం."

"ఎగిరే చేప కూడా ఉంది కదండీ. పరవ చేప. దాని రెక్కను ఏమనాలండి?"

లెక్చరరు గారు శేషావతారం గారి వైపు చూశారు. శేషావతారం గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "ఈదును, ఎగురును అనుచున్నావు. రెండు శాఖల పరిధిలో ఉన్న జీవి గురించి ఈ సమావేశము నిర్ణయించజాలదు. ఉమ్మడి ఉపసంఘమును వేయవలెను," అని తేల్చారు.

పక్షి రెక్కే ఉండాలని పశుసంవర్ధక శాఖ పట్టుబట్టింది. పూరెక్క ఉండాలని ఉద్యానవన శాఖ పట్టుబట్టింది. కార్మిక శాఖ నుంచి వచ్చినాయన మనిషి రెక్కల తరఫున వాదించడానికి వచ్చి, భోజనాల వేళ దాకా నిద్రపోయాడు. ఎవరూ తగ్గలేదు. అప్పుడు శేషావతారం గారు తల పైకెత్తారు. సమావేశపు హాల్లో ఫ్యాను కిర్రుకిర్రుమని తిరుగుతోంది.

"ప్రత్యక్ష ప్రమాణమును మించిన ప్రమాణము లేదు. ఈ గదిలో మన కళ్లెదుట ఉన్న రెక్క ఏది? పంకా రెక్క. కావున అదియే అర్థము," అన్నారు.

అందరూ తలలు పైకెత్తి ఫ్యానును చూశారు. అది నిజంగానే ఉంది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. మిగిలిన అర్థాలకు కొత్త మాటలు కేటాయించారు. పక్షికి పక్షబాహువు, చేపకు వాజము, తలుపుకు కవాటార్ధము, పువ్వుకు దళము, గాలిమరకు వాయుఫలకము, మనిషికి భుజశ్రమాంగము. తెప్ప మీది మనిషికి ఏమీ కేటాయించలేదు, ఆయన ఏ శాఖ కిందికీ రాడు.

*

ఒక మాటకున్న అర్థాన్ని తీసేయడమంటే ఆస్తిని స్వాధీనం చేసుకోవడమేనని న్యాయ సలహాదారు హెచ్చరించాడు. రేపు ఎవడైనా కోర్టుకెక్కితే? అందుకని ఏడో నమూనా తయారైంది. దాని పేరు అర్థ పరిత్యాగ సమ్మతి పత్రము. ఏ అట్ట మీద ఏ దాత పేరుందో ఆ దాత, ‘పై అర్థమును నేను మనఃపూర్వకముగా విడిచిపెట్టుచున్నాను, ఇకమీదట వాడను’ అని సంతకం చేయాలి. దాత లేకపోతే మరణ పత్రంతో వారసులు చేయాలి.

నాయుడు ఫారాలు సంచీలో పెట్టుకుని బయల్దేరాడు.

వడ్రంగి సోమాచారి రంపం ఆపి, సాంతం విన్నాడు. "అయితే తలుపుకి రెక్కలుండవా ఇంక?"

"కవాటార్ధాలు ఉంటాయి."

"రెండు కవాటార్ధాలు కలిపితే ఒక కవాటమా, ఒక తలుపా?"

"అది ఇంకా తేలలేదు."

"ఎప్పుడు తేలితే అప్పుడు సెప్పండి, అందాకా తలుపు బిగించడం ఆపుతానా ఏటి," అని నవ్వి సంతకం పెట్టాడు. పూలమ్మే బంగారమ్మ, సంతకం పెడితే మండలికి రోజూ మూర మల్లెపూలు వాడుకగా తీసుకుంటారా అని అడిగింది. తీసుకోరన్నాడు నాయుడు. ఆమె అయినా పెట్టింది, పాపం, మొహమాటస్థురాలు. కోళ్ల షాపు గఫూర్ సాయిబు మాత్రం, పక్షబాహువు కేజీ ఎంతని బోర్డు రాస్తే ఒక్క బేరం రాదని మొత్తుకున్నాడు. బోర్డు జోలికి మండలి రాదని నాయుడు నచ్చజెప్పాడు. రాదని నాయుడూ నమ్మలేదు.

రెక్కలు ముక్కలు చేసుకునే అట్టకు దాత మార్కెట్ యార్డులో మూటలు మోసే గుంప సన్నాసి. అతను వేలిముద్ర వేస్తూ, "మాట ఒగ్గేస్తే మూట కూడా ఒగ్గీవొచ్చా బాబూ?" అని అడిగాడు. కాదన్నాడు నాయుడు. "అలగైతే నాకేటి తేడా," అని సన్నాసి మళ్లీ మూట ఎత్తుకున్నాడు.

వారం రోజుల్లో ఆరు సంతకాలు అయిపోయాయి. జనం ఇంత తేలిగ్గా మాటలు వదులుకుంటారని నాయుడు అనుకోలేదు. అసలు సంగతేమిటంటే వాళ్లెవరూ వదులుకోలేదు, కాగితం మీద సంతకం పెట్టారంతే. ఆ రెండింటికీ తేడా ప్రభుత్వానికి తప్ప అందరికీ తెలుసు.

ఇక మిగిలింది ఎనిమిదో అట్ట. దాత: కారి లచ్చయ్య, ఉప్పుగెడ్డ పేట.

*

ఉప్పుగెడ్డ పేటలో సముద్రం ఏటా ఒక వరస ఇళ్లను మింగుతోంది. లచ్చయ్య ఇల్లు ఇప్పుడు మొదటి వరసలో ఉంది, అంటే వచ్చే వానల్లో దాని వంతు. ఆయన భార్య కొర్లమ్మ ఇంటి ముందు గోనెపట్టా పరిచి నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. నలభై అయిదేళ్లుంటాయి. చేతి నిండా గాజులు, నుదుట పావలాకాసంత బొట్టు ఉన్నాయి.

"లచ్చయ్య ఉన్నాడా అమ్మా?"

"ఏటకి ఎల్లాడు బాబూ."

"ఎప్పుడొస్తాడు?"

కొర్లమ్మ కాకిని అదిలించి, తలెత్తి చూసింది. "తొమ్మిదేళ్లయింది ఎల్లి. తుపానొచ్చిందే, ఆ ఏడు. ఇంకా రానేదు."

ఈ ఇసుకలోనే తెప్ప అంచు మీద కూర్చుని, చుట్ట వెలిగించుకుంటూ, కుడి రెక్క అంటే ఏమిటో లచ్చయ్య చెప్పిన రోజు నాయుడికి గుర్తుంది. తుపాను సంగతి పేపర్లో చదివాడు. ఆ పేర్లలో ఈ పేరు ఉంటుందని అనుకోలేదు.

పక్కింటి ముసలమ్మ నాయుడి మొహం చూసి వివరం చెప్పింది. ఆ పేటలో వేటకెళ్లి తిరిగిరాని మనిషిని పోయాడని అనరు. శవం ఒడ్డుకు చేరితేనే పోయినట్టు. లేకపోతే ఎన్నేళ్లయినా ‘ఏటకెల్లాడు’ అనే అంటారు. పెళ్లాం గాజులు తియ్యదు, బొట్టు చెరపదు. తాతల నాటి కట్టు అది.

"కట్టు బాగానే ఉంది బాబూ, కాలనీయే బాగునేదు," అంది కొర్లమ్మ.

కాలనీ కథ ఇది. సముద్రం మింగేసే ఇళ్లకు బదులు, మెరక మీద ప్రభుత్వం ఇళ్లు కట్టింది. జాబితా మాత్రం పదేళ్ల కిందటిది. అందులో కొర్లమ్మ ఇంటి పెద్ద కారి లచ్చయ్య. తాళం ఇంటి పెద్దకే ఇస్తారు, లేదా ఇంటి పెద్ద సంతకం చేసిన కాగితానికి ఇస్తారు, లేదా ఇంటి పెద్ద చనిపోయినట్టు పత్రం తెస్తే భార్యకు ఇస్తారు. చివరిదాని కోసం కొర్లమ్మ రెండేళ్లుగా తిరుగుతోంది. పోలీసుల కాగితం, పంచాయతీ కాగితం అన్నీ అయ్యాయి. ఆఖరికి తాసిల్దారు ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. ‘పై వ్యక్తి జీవించియున్నట్లు ఎవరికైనను తెలిసినచో ఇరువదో తేదీలోగా తెలుపవలెను.’ ఇరవయ్యో తేదీ దాటితే పత్రం చేతికొస్తుంది.

"ఆ అర్జీలో సచ్చిపోనాడని రాయాల. నాకు నోరు రానేదు," అంది ఆమె. "రాసీ గుమస్తాకి ఏలితో సూపించినాను, ఇదిగో ఇక్కడ నువ్వే రాసీ బాబూ అని. ఇంటికొచ్చి మూడు రోజులు కూడు తిన్నేదు. గానీ ఏటి సేస్తాం, సముద్రం గట్టున నీడెక్కడిది, ఇల్లు కావాల గదా."

నాయుడు సంచీలోంచి ఫారం తీయకుండానే వెనక్కి వచ్చాడు.

*

"దాత లేడండి. వేటకెళ్లి తొమ్మిదేళ్లయిందట," అని శేషావతారం గారికి చెప్పాడు.

"మరణించినాడని గ్రామస్థులెవరైనను పలికినారా?"

"పలకరండి. వాళ్ల కట్టు అది. వేటకెళ్లాడనే అంటారు."

"భార్య ధరించిన సౌభాగ్య చిహ్నములు?"

"ఉన్నాయండి. అదీ కట్టే."

"మరణ పత్రము?"

"ఇంకా రాలేదండి. ఇరవయ్యో తారీఖు దాటాక..."

"అనగా నేటికి లేదు." శేషావతారం గారు తృప్తిగా వెనక్కి వాలారు. "నాయుడూ, జనవాక్యము కర్తవ్యమన్నారు. ఊరంతయు వేటలో ఉన్నాడనుచున్నది. భార్య అదియే చెప్పుచున్నది. సర్కారు రికార్డులో మరణము లేదు. ఇంతమంది సాక్ష్యమును కాదని అతడు లేడనుటకు నువ్వెవరు? నేనెవరు? దాత వృత్తిరీత్యా సముద్రమునందున్నాడు. పని చేయు స్థలమున నోటీసు అందజేయుము."

"సముద్రంలోనా అండి?"

"పని స్థలము అదే కదా."

పదిహేనో తారీఖున ప్రోగ్రాము ప్రారంభోత్సవం. ఎనిమిదో అట్ట సంతకం లేకపోతే రెక్క ఎక్కదు, రెక్క ఎక్కకపోతే ప్రారంభోత్సవం లేదు, ప్రారంభోత్సవం లేకపోతే నాయుడి ఫైలు మళ్లీ బీరువాలోకి పోతుంది. శేషావతారం గారు ఇదంతా నోటితో అనలేదు. ఫైలును వేలితో రెండంగుళాలు జరిపారంతే.

నోటీసు అందజేసే పద్ధతిని సూపరింటెండెంటు రాసిచ్చాడు. ఒకటి, ఒడ్డున గుంజ పాతి ఒక ప్రతి అంటించాలి. రెండు, దాత పేరును సముద్రానికి అభిముఖంగా మూడుసార్లు పిలవాలి. మూడు, ఒక ప్రతిని ప్లాస్టిక్ కవరులో పెట్టి నీటిలో వదలాలి. అది తిరిగి ఒడ్డుకు వస్తే ‘తిరస్కరించినాడు’ అని, రాకపోతే ‘అందుకొన్నాడు’ అని రాయాలి.

ఆరో తారీఖు ఉదయం నాయుడు, ఒక వీఆర్వో, ఇద్దరు సాక్షులు ఉప్పుగెడ్డ ఒడ్డున నిలబడ్డారు. వలలు బాగుచేసుకుంటున్న మనుషులు పని ఆపి చూశారు.

"కారి లచ్చయ్య! కారి లచ్చయ్య! కారి లచ్చయ్య!" అని వీఆర్వో సముద్రం కేసి అరిచాడు.

కొర్లమ్మ నీళ్ల బిందెతో వస్తూ ఆ పిలుపు విని, బిందె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. వచ్చి వీళ్లను చూసింది, కాగితాన్ని చూసింది, సముద్రాన్ని చూసింది. బిందె దగ్గరికి తిరిగి వెళ్లిపోయింది. నాయుడు తల దించుకున్నాడు. అంత సిగ్గు అతను జీవితంలో పడలేదు.

కవరును అల తీసుకుపోయింది. అరగంట చూశారు, తిరిగి రాలేదు. ‘అందుకొన్నాడు’ అని వీఆర్వో రాశాడు.

కానీ ప్రోగ్రాముకు అంతటితో తృప్తి లేదు. సంతకం బొమ్మ కావాలంది. పద్నాలుగో తారీఖు సాయంత్రం దాకా నాయుడు ఆ ఖాళీ గడినే చూస్తూ కూర్చున్నాడు. శేషావతారం గారు రెండుసార్లు వచ్చి, "ఇంకను రాలేదా?" అని, సముద్రం ఆలస్యం చేస్తున్నట్టు అడిగి వెళ్లారు. ఆరు గంటలకు నాయుడు కలం తీసి, కారి లచ్చయ్య అని సంతకం పెట్టాడు. లచ్చయ్య చదువుకున్నది రెండో తరగతి దాకా కదా అని అక్షరాలు కొంచెం వంకరగా పెట్టాడు. తప్పు పని కూడా శ్రద్ధగా చేసే అలవాటు అతనిది.

*

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ముఖ్య అతిథి ‘రెక్క’ అని టైపు చేయగానే తెర మీద ‘పంకా యొక్క తిరుగు భాగము’ అని వచ్చింది. చప్పట్లు మోగాయి. అంతలో కరెంటు పోయి తిరుగు భాగము ఆగిపోయింది, అందరూ రుమాళ్లు తీసి విసురుకున్నారు. సాయంత్రానికి నాయుడి పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. దాంతోపాటు సంతకాలు ధ్రువీకరించే గుండ్రటి ముద్ర కూడా ఇచ్చారు.

ఆ ప్రోగ్రామును అన్ని శాఖలతోనూ కలిపారన్న సంగతి నాయుడికి పంతొమ్మిదో తారీఖున తెలిసింది. తెలియజెప్పింది కొర్లమ్మ.

ఆమె మండలి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. తాసిల్దారు ఆఫీసు వాళ్లు ఆమె ఫైలు మూసేశారు. కంప్యూటర్లో కారి లచ్చయ్య పేరు కొట్టగానే, ‘ఈ నెల ఆరో తేదీన నోటీసు అందుకొన్నాడు, పద్నాలుగో తేదీన సమ్మతి సంతకము చేసినాడు’ అని వచ్చిందట. బతికున్న మొగుడికి చావు కాగితం అడుగుతావా, కేసు పెట్టమంటావా అని గుమస్తా కేకలేశాడట.

నాయుడు ఆమెను వెంటబెట్టుకుని తాసిల్దారు దగ్గరికి పరుగెత్తాడు. తాసిల్దారు మర్యాదస్థుడు, కుర్చీ వేయించాడు. "చూడండి నాయుడు గారూ, ఒక శాఖ బతికున్నాడన్నాక ఇంకో శాఖ చచ్చిపోయాడంటే దాన్ని సమన్వయ లోపం అంటారు. ఆ మాట నా సర్వీసు రిజిస్టర్లో పడనివ్వను. మీ వాళ్లు ఎంట్రీ తీసేస్తే నేను ఈ నిమిషంలో చంపేస్తాను," అన్నాడు.

నాయుడు మళ్లీ మండలికి పరుగెత్తి, ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టాడు. శేషావతారం గారి ముందు నిలబడి, గుండె చిక్కబట్టుకుని, "సార్, ఆ సంతకం నేనే పెట్టానండి. ఆయనది కాదు. ఎంట్రీ తీసేయండి, నా మీద ఏ చర్య తీసుకున్నా సరే," అన్నాడు.

శేషావతారం గారు కొంచెం కూడా చలించలేదు. "నీవు మండలి ఉద్యోగివి. నీవు పెట్టితివన్నచో మండలి పెట్టినట్లు. మండలి దొంగ సంతకములు పెట్టదు. కావున నీవు పెట్టలేదు. అతి శ్రమచే నీకు భ్రమ కలిగినది."

"సార్, ఆ ఇల్లాలికి గూడు పోతుందండి."

"సమ్మతిని ఉపసంహరించుకొను విధానము పదకొండవ నమూనాలో కలదు. దాతయే స్వయముగా వచ్చి ఉపసంహరించుకొనవలెను. రమ్మనుము."

*

నాయుడు బయటికి వచ్చి కొర్లమ్మ పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. నోటీసు, ఖాళీ గడి, పద్నాలుగో తారీఖు సాయంత్రం, తన ఉద్యోగం, అన్నీ చెప్పాడు. "నీ ఇల్లు నేనే ముంచేశానమ్మా," అన్నాడు. తిడుతుందని చూశాడు. తిట్టాలని కోరుకున్నాడు కూడా.

ఆమె ఆఫీసుకు వచ్చేపోయే వాళ్లను చూస్తూ కూర్చుంది. తర్వాత కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసింది.

"ఇదేటో సూడు బాబూ."

అది కాలనీ వాళ్ల ఫారం. ‘నా గృహము యొక్క తాళమును నా భార్యకు అప్పగించవలసినదిగా కోరుచున్నాను.’ కింద ఇంటి పెద్ద సంతకానికి ఖాళీ, దాని పక్కన ధ్రువీకరించే అధికారి ముద్రకు గుండ్రటి ఖాళీ ఉన్నాయి. రెండేళ్ల కిందట ఇచ్చారట. పనికిరాదని దాచిపెట్టింది.

"మా ఇంటాయన కాడికి కాయితం పంపించి, సంతకం ఎట్టించుకొచ్చింది మీ ఆపీసే గదా?"

"అమ్మా, అది..."

"మీ పెద్దాయన అవునన్నాడు. తాసిల్దారు అవునన్నాడు. కంప్యూటరు అవునంది. నువ్వొక్కడివే గదా కాదన్నావు? నీ మాట ఎవులు నమ్మినారు?" అంది కొర్లమ్మ. "ఎల్లు బాబూ. దీని మీద కూడా ఎట్టించుకురా."

నాయుడు ఆమె మొహంలోకి చూశాడు. ఆ మొహంలో వేళాకోళం లేదు. పంతొమ్మిదేళ్లు ఊళ్లు తిరిగినా ఇంత తెలివైన మాట అతనికి ఏ దాతా ఇవ్వలేదు. కాగితం తీసుకుని ఆఫీసు వెనక టీ కొట్టుకు వెళ్లాడు. బల్ల తుడిచి, కాగితం పరిచి, పద్నాలుగో తారీఖు నాటి వంకర ఏ అక్షరానికి ఎంతో గుర్తుచేసుకుంటూ సంతకం పెట్టాడు. దాని పక్కన తన గుండ్రటి ముద్ర వేసి, ‘నా సమక్షమున సంతకము చేసినాడు’ అని రాశాడు. ఇది బయటపడితే ఉద్యోగమే కాదు, జైలు కూడా.

పావుగంటలో తిరిగి వచ్చి, కొర్లమ్మను వెంటబెట్టుకుని తాసిల్దారు ఆఫీసుకు వెళ్లాడు.

తాసిల్దారు కొత్త సంతకాన్ని కంప్యూటర్లో ఉన్న సంతకం పక్కన పెట్టి, భూతద్దం తీసి, ఒక్కో అక్షరం సరిచూశాడు. చూసేకొద్దీ ఆయన మొహం విప్పారింది. "అచ్చుగుద్దినట్టుంది. ఒకే చెయ్యి. అనుమానమే లేదు," అన్నాడు. "ఇదమ్మా పద్ధతంటే. మనిషి బతికుండగా ఆ చావు కాగితం కోసం రెండేళ్లు తిరిగి మా అందరి టైమూ పాడుచేశావు. ముందే ఆయన చేత సంతకం పెట్టించుకుని రావచ్చు కదా?"

"తప్పయిపోనాది బాబూ," అంది కొర్లమ్మ.

తాళం ఇచ్చారు. ఇరవై మూడో నంబరు ఇల్లు. సముద్రానికి మైలు దూరంలో, మెరక మీద ఉంది.

ఇద్దరూ బయటికి వచ్చారు. పేటకు వెళ్లే ఆటో కోసం రోడ్డు వార చెట్టు నీడన నిలబడ్డారు. కొర్లమ్మ తాళాన్ని కొంగున ముడేసుకుంది. ఆ ముడిని ఒకసారి లాగి చూసుకుంది. ఆటో వచ్చి ఆగింది. ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయి, వెనక్కి తిరిగింది. అంతసేపూ గట్టిగా ఉన్న మొహం ఒక్కసారిగా పెళ్లినాటి పిల్ల మొహంలా అయిపోయింది.

"బాబూ," అంది నెమ్మదిగా, "మరి ఆయన ఎలాగున్నాడు? సిక్కిపోనాడా?"

నాయుడికి నిజం చెప్పే అలవాటు ఉంది. ఆ పూట అది పనికిరాలేదు.

"లేదమ్మా," అన్నాడు. "బాగానే ఉన్నాడు."